తెలిసీ తెలియనట్టు: మలయాళ నేర కథల్లో రాత, నటన

2020 లాక్‌డౌన్ తర్వాత మన ఇళ్లలో ఒక మాట స్థిరపడిపోయింది: మలయాళం క్రైమ్ సినిమా అయితే కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు. కళ్లు మూసుకుంటే అసలు సరుకు పోతుందనుకోండి, అది వేరే సంగతి. ఎందుకంత నమ్మకం అని అడిగితే వచ్చే జవాబు కూడా ఒక్కటే, "సహజంగా ఉంటాయి" అని. ఈ జవాబు నాకెప్పుడూ చాలలేదు. పాత్రలు సహజంగా మాట్లాడుకుంటూ ఆవలింతలు తెప్పించే సినిమాలు ఏ భాషలోనైనా బోలెడున్నాయి, మలయాళంలోనూ ఉన్నాయి.

నాకు కనిపించే కారణం ఇంకాస్త నిర్దిష్టమైనది. నేరం ఎవరు చేశారన్న ప్రశ్న అన్ని భాషల రచయితలూ వేస్తారు. మంచి మలయాళ రచయిత దానికి ఇంకో ప్రశ్న తగిలిస్తాడు: ఈ సంగతి తెలిసినవాడు పొద్దున్నే లేచి పళ్లు తోముకుని, పిల్లల్ని బడికి పంపి, ఏమీ ఎరగనట్టు ఎలా తిరుగుతున్నాడు? ఆ రెండో ప్రశ్నతోనే నటుడికి నిజమైన పని దొరుకుతుంది. పైకి ఒకటి, లోపల ఒకటి పెట్టుకుని రెండు గంటలు నిలబడాలి. దాచడానికి కారణం రాత ఇస్తుంది, దాచే పని ముఖం చేస్తుంది. ఈ రెండూ కలిసినచోట సినిమా లేచింది, విడిపోయినచోట కూలింది. నాలుగు దశాబ్దాల సినిమాలను ఈ ఒక్క కొలతతోనే చూడబోతున్నాను. కథల గుట్టు విప్పకుండా ఈ చర్చ సాగదు కాబట్టి, చూడని సినిమా పేరు తగిలితే ఆ పేరా దాటేయండి.

మొదలుపెట్టాల్సింది 1982లో వచ్చిన 'యవనిక' దగ్గర. కె.జి. జార్జ్ తీశాడు, మాటలు నాటకకర్త ఎస్.ఎల్. పురం సదానందన్. ఊరూరా తిరిగి నాటకాలు వేసే ఒక కంపెనీ. అందులో తబలా వాయించే అయ్యప్పన్ కనిపించకుండా పోతాడు. వెతకడం మొదలయ్యాక కంపెనీలో ఒక్కొక్కరూ తమకు తెలిసిన అయ్యప్పన్ గురించి చెబుతారు. తాగుబోతు, ఆడవాళ్ల వెంటపడేవాడు, తబలా మీద చెయ్యి పడితే మాత్రం మొనగాడు. భరత్ గోపి చేసిన ఈ పాత్ర తెర మీద ప్రధానంగా ఇతరుల జ్ఞాపకాల్లోంచే వస్తుంది. చెప్పేవాడు మారినప్పుడల్లా అయ్యప్పన్ కొద్దిగా మారతాడు. గోపి ఆ తేడాలను ఎక్కడా గీత గీసి చూపడు. ఒకచోట నవ్వు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, ఇంకోచోట నడక బరువెక్కుతుంది, అంతే. అంతకు ముందు 'కొడియేట్టం'లో అమాయకుడైన శంకరన్‌కుట్టిగా జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చుకున్న మనిషి ఇతనేనంటే నమ్మబుద్ధి కాదు.

'యవనిక'లో అసలు భారం మోసింది మాత్రం జలజ. ఆమె చేసిన రోహిణి అయ్యప్పన్ చెరలో బతికిన నాటకనటి. సినిమా మొత్తం తక్కువ మాట్లాడుతుంది. రోజూ సాయంత్రం రంగు పూసుకుని స్టేజీ ఎక్కి ఇంకొకరి దుఃఖం అభినయించి, దిగివచ్చి తన దుఃఖాన్ని దాచుకుంటుంది. కథ నాటకాల వాళ్ల మధ్య నడవడం వల్ల అందరికీ నటించడం వచ్చు, పోలీసుకు తప్ప. అందుకే మమ్ముట్టి చేసిన ఎస్.ఐ. జాకబ్ ఈరాళి గొంతు పెంచకుండా, ఎదుటివాడు చెప్పింది విని, ఇంకోసారి చెప్పించుకుని విసిగిస్తాడు. అతను చాలాసేపటికి గానీ తెర మీదకు రాడు. హీరో కోసం కథ ఆగలేదు. తిలకన్ చేసిన కంపెనీ యజమాని వక్కచ్చన్ బాధ మరీ చిత్రం: మనిషి పోయాడన్న దిగులు కన్నా ఒప్పుకున్న నాటకాల బెంగ ఎక్కువ. నెడుముడి వేణు, తిలకన్, గోపి అందరూ నాటకరంగం నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఆ గ్రీన్‌రూమ్ వాసన వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

'యవనిక' దారిలో వెంటనే పెద్దగా ఎవరూ నడవలేదు. జనం మీద పట్టు సాధించింది మరో పాయ. 1988లో కె. మధు దర్శకత్వంలో ఎస్.ఎన్. స్వామి రాసిన 'ఒరు సి.బి.ఐ. డైరీ కురిప్పు' వచ్చింది. సేతురామ అయ్యర్‌గా మమ్ముట్టి చేతులు వెనక్కి కట్టుకుని, నుదుట బొట్టుతో, ఆవేశం లేకుండా నడిచిన ఆ నడక కేరళలో ఇప్పటికీ మిమిక్రీ సరుకు. మేడ మీద నుంచి బొమ్మను తోసి అది ఆత్మహత్యా, హత్యా అని తేల్చే సన్నివేశం ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో ఏయే రూపాల్లో వచ్చిందో లెక్కలేదు. మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఎలాగో, మలయాళీలకు కొట్టాయం పుష్పనాథ్ అపరాధ పరిశోధన నవలలు అలాగ. సి.బి.ఐ. సినిమాలు ఆ రుచి మరిగిన పాఠకుల కోసం తీసినట్టుంటాయి. తెలివి అంతా పరిశోధకుడిది, మిగతావాళ్లు వరసగా నిలబడ్డ అనుమానితులు. అయిదు భాగాలు వచ్చాయి, ఆఖరిది 2022లో. మొదటిది ఇప్పటికీ బాగుంటుంది. ఆఖరి దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఈ రెండు పాయలనూ కలిపి ముడివేసింది జీతు జోసెఫ్. 2013 డిసెంబరులో విడుదలైన 'దృశ్యం'లో తెలివి పరిశోధకుడి చేతిలోంచి అనుమానితుడి చేతిలోకి మారింది. నాలుగో తరగతితో చదువు ఆపేసిన కేబుల్ టీవీ ఆపరేటర్ జార్జికుట్టి, రాత్రింబవళ్లు సినిమాలు చూసి సంపాదించిన జ్ఞానంతో, కనిపించకుండా పోయిన కొడుకు కోసం వెతుకుతున్న ఐ.జి. గీతా ప్రభాకర్‌ను ఎదుర్కొంటాడు. ఈ కథ నిర్మాణం గురించి చాలామంది రాశారు. బస్సు టికెట్లు, హోటల్ బిల్లు, సినిమా హాలు, ఒక ప్రార్థన సమావేశం, వీటన్నిటి చుట్టూ ఆగస్టు 2 అనే తేదీని పదిమంది మనసుల్లో నాటిన తీరు స్క్రీన్‌ప్లే రాసేవాళ్లకు పాఠం లాంటిదే. జార్జికుట్టి కుటుంబం ఊరెళ్లింది నిజం, మనుషులను కలిసింది నిజం, తేదీ ఒక్కటే అబద్ధం. సాక్షులెవరూ అబద్ధం చెప్పడం లేదు, నమ్మినదే చెబుతున్నారు. ఇంత పకడ్బందీ కథలో నటుడికి చోటు తగ్గిపోయే ప్రమాదం ఉంది. మోహన్‌లాల్ గొప్పతనం అక్కడే తెలుస్తుంది.

చివర్లో గీతా ప్రభాకర్, ఆమె భర్త పదవి వదిలేసి, అధికారం వదిలేసి, కొడుకు ఏమయ్యాడో చెప్పమని చేతులు జోడించి అడుగుతారు. జార్జికుట్టి చెప్పీ చెప్పనట్టు చెబుతాడు. మోహన్‌లాల్ ఆ మాటలు పలుకుతున్నప్పుడు చూపు వాళ్ల మొహాల మీద నిలవదు, అలాగని నేలకూ దిగదు, మధ్యలో ఎక్కడో తచ్చాడుతుంది. క్షమాపణ ఉంది, ఒప్పుకోలు లేదు. రెండింటి మధ్య వెంట్రుకవాసి సందులోనే ఆ సన్నివేశం మొత్తం నడుస్తుంది. కళాభవన్ షాజోన్ చేసిన కానిస్టేబుల్ సహదేవన్ దీనికి పూర్తి వ్యతిరేకం, ఏదీ దాచుకోలేని మనిషి. లంచగొండితనం, పగ, పిల్లల మీద చెయ్యి చేసుకునేటప్పటి సంతోషం, అన్నీ మొహం మీదే. షాజోన్ అప్పటిదాకా నవ్వించే నటుడు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

'దృశ్యం' మనకు 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వచ్చింది. వెంకటేశ్ చాలా ఏళ్లుగా కుటుంబ కథల్లో సంపాదించుకున్న మంచిపేరు రాంబాబు పాత్రకు పెట్టుబడి అయ్యింది. ఈయన తప్పు చేయడు అని ప్రేక్షకుడు ముందే తీర్మానించుకుని కూర్చుంటాడు. మోహన్‌లాల్ విషయంలో అలా కాదు, జార్జికుట్టి మనకు ఎంత తెలిసినవాడో చివరిదాకా పూర్తిగా తేలదు. తమిళంలో కమల్‌హాసన్ ఆఖరి సన్నివేశంలో కరిగి నీరైపోయాడు. ముగ్గురూ పెద్ద నటులే, మూడూ ఆడాయి. కానీ కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద ఏముందో తెలిసిన మనిషి అదే స్టేషన్‌లో సంతకం పెట్టి మెట్లు దిగివచ్చే ఘట్టంలో వణుకు పుట్టించింది నా మటుకు మోహన్‌లాల్ ఒక్కడే.

ఇక దిలీశ్ పోతన్. 2017లో ఇతను తీసిన 'తొండిముదలుం దృక్సాక్షియుం' నేరమని చెప్పుకోవడానికి ఒక గొలుసు దొంగతనం. పెద్దలను కాదని పెళ్లాడి దక్షిణం నుంచి కాసరగోడ్ చేరిన జంట బస్సులో పోతుంటుంది. కునుకు తీస్తున్న శ్రీజ మెడలోంచి వెనక సీటువాడు గొలుసు లాగి మింగేస్తాడు. ఆమె కళ్లు తెరిచి చూసింది. వాడు కాదంటాడు. అక్కడి నుంచి సినిమా అంతా పోలీస్ స్టేషన్ చుట్టూ. దొంగ పేరు అడిగితే ప్రసాద్ అంటాడు, ఫిర్యాదు చేసిన మొగుడి పేరూ ప్రసాదే. నిజంగా అదే పేరో, అప్పుడే తట్టిన కొంటెతనమో మనకు తెలియదు. ఎక్స్‌రే తీస్తే కడుపులో గొలుసు కనిపిస్తుంది. ఇంక చేసేదేముంది, అరటిపళ్లు తినిపించి కాపలా కాయడమే.

ఫహద్ ఫాసిల్ ఈ దొంగకు గతం లేకుండా నటించాడు. సజీవ్ పాళూర్ రాతలోనూ గతం లేదు. తల్లి జబ్బు, చెల్లి పెళ్లి లాంటి సాకులేవీ పెట్టకపోవడం చాలా ధైర్యం. దెబ్బలు తింటూ కూడా వీడు స్టేషన్‌ని గమనిస్తుంటాడు. ఏ పోలీసుకు భయం ఎక్కువ, ఎవరికి జాలి ఉంది, ఎవరి ఉద్యోగం ఊగిసలాడుతోంది, అన్నీ లెక్కకడతాడు. ఫహద్ కళ్లు మాట్లాడతాయని అందరూ అంటారు. ఈ సినిమాలో అవి మాట్లాడవు, వింటాయి. ఎస్.ఐ. పాత్ర వేసిన సిబి థామస్ నిజజీవితంలోనూ పోలీసు అధికారే. ఇంకా కొందరు అసలు పోలీసులే అందులో పోలీసులుగా ఉన్నారు. వాళ్ల మధ్యలో అలెన్సియర్ చేసిన ఎ.ఎస్.ఐ. చంద్రన్, పై అధికారికి భయపడుతూ కింది మనిషిని కొట్టే మధ్యస్థ ఉద్యోగి, మన ఏ మండలాఫీసులోనైనా కనిపించే రకం. ఫహద్‌కు జాతీయ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం, పాళూర్‌కు స్క్రీన్‌ప్లే పురస్కారం వచ్చాయి. రెండూ ఒకే సినిమాకు రావడం నా వాదానికి అనుకూలమే గనక చెప్పుకుంటున్నాను.

మొగుడు ప్రసాద్‌గా చేసిన సూరజ్ వెంజారమూడు సంగతీ ఇక్కడే చెప్పాలి. మిమిక్రీ స్టేజీల మీద తిరువనంతపురం యాసతో నవ్వించి పైకొచ్చినవాడు. షాజోన్ పేరు ముందున్న కళాభవన్, కొచ్చిలోని మిమిక్రీ బృందం. జయరాం, దిలీప్ మొదలు ఎందరో అక్కడి నుంచి వచ్చారు. హాస్యనటుడు ఇంద్రన్స్‌కు 2020 నాటి 'అంజాం పాతిరా'లో హంతకుడి పాత్ర ఇచ్చారు, చిన్నదే అయినా ఒళ్లు జలదరిస్తుంది. ఇదంతా యాదృచ్ఛికమని నేను అనుకోను. మిమిక్రీ చేసేవాడు ముందు ఎదుటివాడిని దొంగచూపు చూడటం నేర్చుకుంటాడు. నడక, దగ్గు, మాట మింగే తీరు పట్టుకుంటాడు. నేర కథకు కావలసింది ఇదే చూపు. పైగా మనల్ని నవ్వించిన మొహం ఉన్నట్టుండి నవ్వకపోతే కలిగే కలవరం కండలు తిరిగిన విలన్ వల్ల కలగదు.

పోతన్ తర్వాత తీసిన 'జోజి' (2021) మాక్‌బెత్‌ను కొట్టాయం వైపు రబ్బరు తోటల్లోకి తెచ్చింది. శ్యాం పుష్కరన్ రాశాడు. ఇందులో నాకు నచ్చేది ఫహద్ కన్నా ఉన్నిమాయ ప్రసాద్ చేసిన వదిన బిన్సీ. మామగారి మరణానికి ఎక్కడా సహకరించదు, ఎక్కడా అడ్డుపడదు. కోవిడ్ రోజుల కథ కాబట్టి, శవం ఇంట్లో ఉండగా గదిలో నక్కిన మరిదితో మాస్కు పెట్టుకుని రమ్మంటుంది. సర్వం తెలుసునన్న సంగతి ఆ ఒక్క మాటలో బయటపడుతుంది. ఇదే తోటల్లో, ఇలాంటి ఇంట్లోనే కె.జి. జార్జ్ 1985లో 'ఇరకళ్' తీశాడు. చిన్నకొడుకు హంతకుడవుతాడు, తండ్రిగా తిలకన్ చివర్లో తుపాకీ పడతాడు. కథనంలో 'జోజి' నున్నగా ఉంటుంది. ఒక ఇల్లు హంతకుడిని ఎలా తయారుచేస్తుందో చూపడంలో పాతదే పదును.

పోలీసుల లోపలి కథలకు గత ఏడెనిమిదేళ్లలో దారి వేసింది షాహీ కబీర్. పోలీసు ఉద్యోగం చేసి రచయితైనవాడు. ఎం. పద్మకుమార్ తీసిన 'జోసెఫ్' (2018), మార్టిన్ ప్రకాట్ తీసిన 'నాయాట్టు' (2021) అతని రాతలే. 'ఇలవీళ పూంచిర'కు తనే దర్శకుడు. కొండ మీద పోలీసు వైర్‌లెస్ స్టేషన్, ఇద్దరు ఉద్యోగులు, పిడుగులు, ఇంత చాలు అతనికి. 'నాయాట్టు'లో ముగ్గురు పోలీసులు ఎన్నికల వేళ ఒక దళిత యువకుడి మరణంలో ఇరుక్కుని తమ శాఖ నుంచే పారిపోతారు. తాడు లాగుడు పందెంతో మొదలయ్యే ఈ సినిమాలో జోజు జార్జ్ చేసిన మణియన్ సర్వీసంతా పై అధికారుల ఆజ్ఞ పాటించినవాడు. వ్యవస్థ ఎలా వేటాడుతుందో అందరికన్నా అతనికే బాగా తెలుసు, ఆ తెలివే అతన్ని చంపుతుంది. దళితుల రాజకీయ సంఘటనను ఈ సినిమా ప్రతినాయక స్థానంలో నిలబెట్టిందన్న విమర్శ కేరళలో గట్టిగా వచ్చింది, అది కొట్టిపారేయదగ్గది కాదు.

ఈ రెండూ తెలుగులోకి వచ్చాయి. 'జోసెఫ్' 2022లో రాజశేఖర్ హీరోగా 'శేఖర్' అయ్యింది. 'నాయాట్టు' 2023లో 'కోటబొమ్మాళి పి.ఎస్.'గా శ్రీకాకుళం చేరింది. రెండోదానిలో శ్రీకాంత్ నిజాయితీగా చేశాడు, ఉత్తరాంధ్ర వాతావరణం కొంత పట్టుబడింది, పాట ఊళ్లన్నీ తిరిగింది. కానీ మన రీమేకుల్లో సాధారణంగా జరిగేదే ఇక్కడా జరిగింది. మూలంలో మౌనంగా వదిలిన చోట్లలో మాటలు చేరాయి. మణియన్ ఎందుకు కూలిపోయాడో చెప్పకపోతే ప్రేక్షకుడికి అందదని భయం. నటుడు దాచాల్సింది డైలాగు బయటపెట్టేస్తే ఇక నటించడానికి ఏం మిగులుతుంది? డబ్బింగులదీ ఇదే తంతు. మూలంలో గొణిగిన మాటను తెలుగు గొంతు స్పష్టంగా, బరువుగా పలుకుతుంది. దాంతో అనుమానితుడు మొదటి రీలులోనే దొరికిపోతాడు. సబ్‌టైటిల్స్‌తో చూడటం కష్టమే, కానీ ఈ రకం సినిమాలకు అదే న్యాయం.

ఇంత మెచ్చుకున్నాక మలయాళంలోనూ ముదిరిన జబ్బుల గురించి చెప్పాలి. 'అంజాం పాతిరా' విజయం తర్వాత వరస హత్యలు, పోలీసులకు సవాళ్లు విసిరే హంతకుడు, చివర అరగంట కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ ఒక అచ్చుగా మారాయి. తాగుడుకు బానిసైన, బిడ్డనో భార్యనో పోగొట్టుకున్న పోలీసు ఇప్పుడు అక్కడ యూనిఫాంలో భాగమైపోయాడు. షాహీ కబీర్ రాసిన 2025 నాటి 'ఆఫీసర్ ఆన్ డ్యూటీ' కూడా దీన్ని తప్పించుకోలేదు. కుంచాకో బోబన్ కోపాన్ని ఎంత నమ్మకంగా చేసినా, కథ అతనికి దాచుకోవడానికి ఏమీ ఇవ్వలేదు.

రెండో జబ్బు ఇంకా లోతైంది. కథలో మలుపు కావాలంటే ఒక స్త్రీ మీద అత్యాచారమో హత్యో జరగాలి, దాని బాధ మాత్రం మగవాడి మొహం మీద కనిపించాలి. 'ఇరట్ట' (2023)లో కవలలుగా జోజు జార్జ్ చేసిన నటన ఈ దశాబ్దపు గొప్పవాటిలో ఒకటని ఒప్పుకుంటాను. ఒకే మొహాన్ని రెండు బతుకులు ఎలా అరగదీశాయో చూపించాడు. కానీ ఆఖరి మలుపు ఒక అమ్మాయి నరకాన్ని తండ్రి ముఖకవళికకు ముడిసరుకుగా వాడుకుంది. థియేటర్లో జనం నిశ్శబ్దమైపోయారంటే సినిమా గెలిచిందని కాదు.

దీనికి సమాధానంగా కనిపించేది ఆనంద్ ఏకర్షి తీసిన 'ఆట్టం'. మళ్లీ నాటక బృందమే. పన్నెండు మంది మగవాళ్లు, ఒక నటి. రాత్రి చీకట్లో ఆమె మీద ఎవడో చెయ్యి వేశాడు. ఎవడని తేల్చడానికి మిగతావాళ్లు సమావేశమవుతారు. విదేశీ ప్రదర్శనల ఆశ ఎదురవగానే ఒక్కొక్కడి న్యాయబుద్ధి ఎలా సడలుతుందో చూపడమే కథ. చెయ్యి వేసినవాడెవరో సినిమా చివరికీ చెప్పదు. పన్నెండు మందీ దాచేవాళ్లే అయినప్పుడు ఒక్కడి పేరు తెలిసి ఏం లాభం? జరిన్ షిహాబ్ చేసిన అంజలి సానుభూతి కోసం ఎక్కడా చెయ్యి చాపదు. డెబ్బయ్యవ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ చిత్రం ఇదే. న్యాయంగా వచ్చింది.

రాత, నటన ఇంత గట్టిగా పెనవేసుకున్న ఈ మధ్యకాలపు సినిమా ఏదంటే 'కిష్కింధ కాండం' (2024) అంటాను. దర్శకుడు దింజిత్ అయ్యత్తాన్. రాసిందీ కెమెరా పట్టిందీ బాహుల్ రమేశ్, ఈ జోడింపు అరుదు. ఎన్నికలొచ్చాయి, లైసెన్స్ తుపాకులు స్టేషన్లో అప్పగించాలి. మాజీ సైనికుడు అప్పు పిళ్లై తుపాకీ కనబడటం లేదు. అడవి అంచున ఇల్లు, చుట్టూ కోతులు. కొడుకు అజయన్‌కు మొదటి భార్య చనిపోయింది, పిల్లాడు తప్పిపోయాడు. కొత్తగా ఆ ఇంట అడుగుపెట్టిన అపర్ణ, మామగారు పెరట్లో కాగితాలు కాల్చడం చూసి అనుమానపడుతుంది. అప్పు పిళ్లైకి మతిమరపు ముదురుతోంది, ఆ సంగతి లోకానికి తెలియకూడదని పంతం. తన ఇంట్లో ఏం జరిగిందో తనే పరిశోధించి, గుర్తుల కోసం రాసిపెట్టుకుని, నిజానికి చేరి, దాన్ని మళ్లీ చెరిపేస్తాడు. కొన్నాళ్లకు మరచిపోయి మళ్లీ మొదలుపెడతాడు. పరిశోధకుడూ సాక్ష్యం మాయం చేసేవాడూ ఒకే మనిషి.

విజయరాఘవన్ నాటకకర్త ఎన్.ఎన్. పిళ్లై కొడుకు, తండ్రి నాటక సమితిలో పెరిగినవాడు. మతిమరపు ముసలివాడంటే నటులు సాధారణంగా చేతులు వణికిస్తారు, చూపు చెదరగొడతారు. ఇతను ఆ జోలికే పోడు. నడుం నిటారుగా, మాట కటువుగా, ఎవరైనా సాయం చేయబోతే కసిరేస్తాడు. మరపును కప్పిపుచ్చడానికి వాడే కోపమే ఆ పాత్రకు కవచం. ఆసిఫ్ అలీ పని ఇంతకన్నా కష్టం. అజయన్‌కు మొదటి నుంచీ అన్నీ తెలుసు. తండ్రి ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంటే కొడుకు ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపడాలి. మొదటిసారి చూస్తే అజయన్ దిగులుగా ఉన్న మామూలు మనిషి. రెండోసారి చూడండి: తండ్రి ప్రశ్న వేయగానే జవాబుకు ముందు ఒక చిన్న ఆలస్యం వినిపిస్తుంది, ఇంతకు ముందు ఏ జవాబిచ్చానో గుర్తుచేసుకుంటున్నట్టు.

ఒక్క లోటు. కథను మనకు చూపించేది అపర్ణ కళ్లే. అపర్ణా బాలమురళి ఆ ఆరాటాన్ని ఎక్కడా అతి చేయకుండా మోసింది. నిజం తెలిశాక ఆమె కూడా ఆ ఇంటి దాపరికంలో భాగస్వామి అవుతుంది. కానీ అప్పటికే ముగింపు దగ్గరపడింది. తండ్రీకొడుకుల దాపరికానికి రెండు గంటలిచ్చిన రచయిత ఆమె దాపరికానికి కొన్ని నిమిషాలతో సరిపెట్టాడు.